రూట్ అధికారంతో షెల్ స్క్రిప్ట్: తేడా ఎక్కడ కొడుతుంది?

2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక స్పేస్ ఎక్కువ పడింది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా చిప్‌ను అవసరమైనప్పుడు మాత్రమే వాడుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ అది. /యూఎస్‌ఆర్ లోపల ఎక్కడో అడుగున ఉన్న చిన్న ఫోల్డర్‌ను తీసేయాలని ఆ లైను రాశారు. /యూఎస్‌ఆర్ తర్వాత స్పేస్ పడేసరికి షెల్‌కు, అంటే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్‌కు, అది రెండు పేర్లుగా కనిపించింది. మొదటిది /యూఎస్‌ఆర్ మొత్తం. రెండోది అసలు లేనే లేని ఇంకేదో ఫోల్డర్. ఇన్‌స్టాల్ స్క్రిప్టు కాబట్టి జనం దాన్ని సుడోతో, అంటే సిస్టమ్ మీద సర్వాధికారాలూ ఉన్న రూట్ అకౌంట్ పేరు మీద నడిపారు, అలాగే నడపాలి కూడా. ఫైళ్లు తుడిచేసే ఆర్‌ఎం కమాండ్ అడ్డు చెప్పలేదు, సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ అడ్డు చెప్పలేదు. సిస్టమ్‌లోని ప్రోగ్రాముల్లో చాలా భాగం ఉండే ఫోల్డర్ తుడిచిపెట్టుకుపోయింది.

టైపింగ్ పొరపాటే కదా అనిపిస్తుంది. కానీ అదే స్క్రిప్టును మామూలు యూజర్‌గా నడిపి ఉంటే, పర్మిషన్ లేదంటూ కెర్నల్ అక్కడికక్కడే ఆపేసేది. ఎవరి తప్పు వాళ్ల ఫైళ్లు దాటి పోకుండా చూడటం యూనిక్స్ పర్మిషన్ల పని. రూట్‌కు ఆ కట్టడి లేదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: రూట్ అధికారంతో సీ ప్రోగ్రామ్ నడవడం వేరు, షెల్ స్క్రిప్టు నడవడం వేరు.

కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లో ఏం జరగాలన్నది చాలావరకు ముందే ఖరారైపోతుంది. షెల్ స్క్రిప్టులో ఒక లైనుకు అర్థం ఏమిటో అది నడిచే క్షణంలోగానీ తేలదు. కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌లో అప్పటికి ఏముంది, స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో ఉండి నడుస్తోంది, ఆ ఫోల్డర్‌లో ఏ పేర్లతో ఫైళ్లున్నాయి, వేరియబుల్ విలువలో స్పేస్‌లు ఉన్నాయా, అసలు విలువే లేదా? ఇవన్నీ కలిస్తేనే ఆ లైను పూర్తవుతుంది. స్క్రిప్టు రాసినవాళ్లు, నడిపేవాళ్లు, ఆ ఫైళ్లకూ వేరియబుళ్లకూ యజమానులు ఒక్కరే అయితే ఏ చిక్కూ లేదు. నడిచేది రూట్ పేరు మీద, మిగతావి ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే చిక్కు. అప్పుడు రూట్ స్క్రిప్టులో సగం ఆ ఇంకొకరు రాసినట్టే లెక్క.

ఈ చిక్కు యూనిక్స్ తొలినాళ్ల నుంచీ ఉంది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సెట్‌యుఐడీ బిట్‌ను కనిపెట్టారు. ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా దాని యజమాని అధికారంతో నడిచేలా ఫైల్ మీద పెట్టే గుర్తు అది. 1973లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, 1979లో మంజూరైంది, ఆ తర్వాత దాన్ని అందరి వాడకానికీ వదిలేశారు. ఆలోచన నిజంగా గొప్పది. ఇప్పటి సిస్టమ్‌లలో పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే /ఈటీసీ/షాడో ఫైల్‌లో మార్పు జరగాలి. దాన్ని రూట్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అందుకని యూజర్‌కు ఫైల్ మీద హక్కు ఇవ్వకుండా, పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్‌కు ఇచ్చారు. ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో, అంటే రూట్‌గా నడుస్తుంది. చేయాల్సిన ఒక్క పనీ చేసి ముగుస్తుంది.

1980లో రిచీయే ఇంకో సదుపాయం తెచ్చారు. ఫైల్ మొదటి రెండు అక్షరాలు #! అయితే, ఆ పక్కన రాసి ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే స్క్రిప్టును చదివి నడిపే ప్రోగ్రామ్‌ను, కెర్నలే పిలుస్తుంది. దాంతో స్క్రిప్టులు కూడా ప్రోగ్రాముల్లాగే నేరుగా నడవడం మొదలైంది. విడివిడిగా చూస్తే రెండూ మంచి ఆలోచనలే. ఒకే ఫైల్ మీద రెండూ కలిసినప్పుడు పెద్ద గొయ్యి పడింది. అదెలాగో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ గొయ్యి ఆకారం తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

సెట్‌యుఐడీ ఉన్న స్క్రిప్టును ఎవరైనా నడపగానే కెర్నల్ ఆ ఫైల్‌ను తెరుస్తుంది, బిట్ చూస్తుంది, మొదటి లైను చదువుతుంది, రూట్ అధికారంతో షెల్‌ను మొదలుపెడుతుంది. స్క్రిప్టులో ఉన్న సరుకును మాత్రం షెల్ చేతికి ఇవ్వదు. ఫైల్ పేరు ఇస్తుంది, అంతే. షెల్ ఆ పేరు పట్టుకుని ఫైల్‌ను మళ్లీ తెరుస్తుంది. ఈ రెండుసార్ల మధ్య కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. దాడి చేసేవాడు ఎవరైనా ఫైళ్లు పెట్టగల /టీఎంపీ ఫోల్డర్‌లో ఒక సిమ్‌లింక్ (ఇంకో ఫైల్ వైపు చూపే షార్ట్‌కట్) పెట్టి, ముందు దాన్ని అసలు స్క్రిప్టు వైపు తిప్పి ఉంచి, ఆ లింక్ పేరుతో నడుపుతాడు. కెర్నల్ చూసినప్పుడు అది రూట్‌కు చెందిన అసలైన స్క్రిప్టే. షెల్ తెరిచేసరికి లింక్ అతని సొంత ఫైల్ వైపు తిరిగిపోయి ఉంటుంది. అధికారం ఒక ఫైల్‌ను చూసి ఇచ్చారు, నడిచింది వేరే ఫైల్. ఒకసారి కుదరకపోతే వెయ్యిసార్లు ప్రయత్నించవచ్చు. మెషీన్ మీద లోడ్ పెంచితే ఆ వ్యవధి ఇంకాస్త సాగుతుంది.

అంత టైమింగ్ కూడా అక్కర్లేని దారి ఇంకొకటి ఉండేది. స్క్రిప్టుకు '-ఐ' అనే పేరుతో లింక్ పెట్టి నడిపితే, షెల్ ఆ పేరును ఆప్షన్ అనుకునేది. -ఐ అంటే ఇంటరాక్టివ్. ఇక స్క్రిప్టు ఊసే లేకుండా రూట్ ప్రాంప్ట్ నేరుగా చేతికొచ్చేది. కొన్ని స్క్రిప్టుల మొదటి లైను చివర ఒంటరిగా ఒక గీత కనిపిస్తుంది కదా, దాని పని ఇదే: ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయి, తర్వాతది ఫైల్ పేరు అని షెల్‌కు చెప్పడం.

సొలారిస్ లాంటి కొన్ని యూనిక్స్ సిస్టమ్‌లు మొదటి గొయ్యిని పూడ్చాయి. పేరు ఇవ్వడం మానేసి, అప్పటికే తెరిచి ఉన్న ఫైల్‌నే /డెవ్/ఎఫ్‌డీ ద్వారా షెల్‌కు అందించాయి. లినక్స్ ఆ తలనొప్పే పెట్టుకోలేదు. స్క్రిప్టు మీద సెట్‌యుఐడీ బిట్ ఉన్నా లేనట్టే చూస్తుంది. ఈ రెండింట్లో లినక్స్ నిర్ణయమే సరైనది. సరైన ఫైల్ తెరుచుకున్నంత మాత్రాన అందులోని లైన్లకు సరైన అర్థం వస్తుందన్న భరోసా లేదు. ఐఎఫ్‌ఎస్ అనే వేరియబుల్ ఉదాహరణ తీసుకుంటే సరిపోతుంది. మాటలను ఏ అక్షరం దగ్గర విడగొట్టాలో షెల్‌కు చెప్పేది అదే. పాత షెళ్లు దాన్ని బయటి నుంచి వచ్చింది వచ్చినట్టు తీసుకునేవి. అందులో / గుర్తు పెట్టి స్క్రిప్టును నడిపితే, /బిన్/మెయిల్ అని జాగ్రత్తగా పూర్తి పాత్ రాసినా అది 'బిన్', 'మెయిల్' అని రెండు మాటలుగా విడిపోయేది. షెల్ 'బిన్' అనే కమాండ్ కోసం వెతికేది. ఆ పేరుతో ఒక ప్రోగ్రామ్ ముందే తయారుగా ఉంచుకుంటే పని అయిపోయినట్టే. ఇప్పటి షెళ్లు ఐఎఫ్‌ఎస్‌ను మొదట్లోనే మామూలు విలువకు తెచ్చుకుంటాయి. పెర్ల్ భాషవాళ్లు ఇలాంటి స్క్రిప్టుల కోసమే సూయిడ్‌పెర్ల్ అని వేరే ప్రోగ్రామ్ ఇచ్చేవారు, 2010లో వచ్చిన 5.12 వెర్షన్‌తో దాన్ని తీసేశారు.

లినక్స్‌లో స్క్రిప్టు మీద ఈ బిట్ పెట్టి చూసినవాళ్లకు ముందు అయోమయమే ఎదురవుతుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌లో ఎస్ అక్షరం కనిపిస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, అయినా పని జరగదు. అప్పుడు చాలామంది వెతుక్కునే ఉపాయం చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, దానికి సెట్‌యుఐడీ పెట్టి, లోపలి నుంచి స్క్రిప్టును పిలవడం. లినక్స్‌లో ఎక్కువగా వాడే షెల్ అయిన బ్యాష్ దీన్ని కూడా అడ్డుకుంటుంది. నడిపిన మనిషి ఐడీ ఒకటి, అధికారం ఇంకొకరిది అని గమనిస్తే అది మొదట్లోనే ఆ అదనపు అధికారాన్ని వదిలేసుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్ (నడిపినవాళ్ల నుంచి ప్రోగ్రామ్‌కు అందే వేరియబుళ్లు) నుంచి ఫంక్షన్లు తీసుకోవడం, బ్యాష్_ఎన్వ్ వేరియబుల్ చూపించే ఫైల్‌ను మొదట్లోనే చదవడం మానేస్తుంది. ఇది కూడా 'పనిచేయడం లేదు' అని, ఆ సీ ప్రోగ్రామ్‌లో అసలు ఐడీని కూడా రూట్‌గా మార్చే ఒక్క లైను చేరుస్తారు. ఇప్పుడు స్క్రిప్టు నడుస్తుంది. కానీ తను ఎవరి కోసం నడుస్తున్నదీ తెలుసుకునే దారి బ్యాష్‌కు లేకుండా పోయింది. నడిపినవాడి పాత్, నడిపినవాడి వేరియబుళ్లు అన్నీ రూట్ మాటలుగా చెల్లుతాయి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి వీధిలో వదిలేసినట్టే.

సుడో వచ్చింది ఇలాంటి పనులకే. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో బాబ్ కోగెషల్, క్లిఫ్ స్పెన్సర్ దాన్ని రాశారు. 1990ల నుంచి టాడ్ మిల్లర్ దాని బాగోగులు చూస్తున్నారు. ఎవరు, ఏ మెషీన్‌లో, ఏ కమాండ్‌ను, ఎవరి పేరు మీద నడపవచ్చో సుడోయర్స్ అనే ఫైల్‌లో రాసి పెట్టడం, నడిచిన ప్రతిదాన్నీ లాగ్‌లోకి ఎక్కించడం దాని పని. అయితే స్క్రిప్టుల విషయంలో సుడో చేసే అసలు మేలు ఎన్విరాన్‌మెంట్ శుభ్రం చేయడం. మామూలు సెట్టింగులలో అది యూజర్ వేరియబుళ్లను దాదాపు అన్నింటినీ పక్కనపెట్టి కొత్తగా మొదలుపెడుతుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో సెక్యూర్_పాత్ అనే సెట్టింగు ద్వారా తన సొంత పాత్‌ను పెడుతుంది.

ఈ శుభ్రం ఎంత ముఖ్యమో అర్థం కావాలంటే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సుడో కింద అసలు ఐడీ (నడిపినవాళ్లది), చెల్లుబాటయ్యే ఐడీ (అధికారం ఎవరిదో చెప్పేది) రెండూ రూట్‌వే. కాబట్టి బ్యాష్ తన సొంత జాగ్రత్తలు ఏవీ తీసుకోదు. నిజంగా రూట్ వచ్చి కూర్చున్నాడనే అనుకుంటుంది. వడపోత మొత్తం సుడో దగ్గరే జరగాలి. అందుకే 'నా వేరియబుళ్లు కూడా పట్టుకురా' అని చెప్పే -ఈ ఆప్షన్‌ను పాస్‌వర్డ్ అడగని రూల్‌తో కలిపి ఇవ్వడం చాలా ప్రమాదం. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ గుర్తుండే ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫంక్షన్ రూపంలో వచ్చిన దాని వెనకాల ఏం అతికించి ఉన్నా బ్యాష్ దాన్ని నడిపేసింది. స్టెఫాన్ షాజలాస్ కనిపెట్టేసరికి ఆ లోపం వయసు పాతికేళ్లు. అలాంటి ఫంక్షన్ రూపంలోని వేరియబుళ్లను సుడో అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే బయట ఆపేస్తోంది.

ఇక ఆఫీసుల్లో రోజూ కనిపించే పరిస్థితికి వద్దాం. డిప్లాయ్ అనే అకౌంట్ ఉంటుంది. కొత్త కోడ్ వచ్చినప్పుడల్లా సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, దానికి రూట్ కావాలి. రిలీజ్ టెన్షన్‌లో ఎవరో సుడోయర్స్ ఫైల్‌లో ఒక లైను చేరుస్తారు: /హోమ్/డిప్లాయ్/బిన్ ఫోల్డర్‌లోని రీస్టార్ట్ స్క్రిప్టును డిప్లాయ్ పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా నడపవచ్చు. జాగ్రత్తపరులైతే స్క్రిప్టు యజమానిగా రూట్‌ను పెట్టి, డిప్లాయ్ దాన్ని మార్చకుండా పర్మిషన్ కూడా బిగిస్తారు. అయినా లాభం లేదు. ఫైల్‌లోని అక్షరాలు మార్చడానికి ఫైల్ మీద హక్కు కావాలి. ఫైల్ పేరు మార్చడానికి, తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టడానికి ఫోల్డర్ మీద హక్కు ఉంటే చాలు. ఆ ఫోల్డర్ డిప్లాయ్‌దే. పాత స్క్రిప్టును పక్కకు జరిపి తనది పెడితే సుడోకు పేరు సరిపోతుంది, కొత్తది రూట్‌గా నడుస్తుంది. కాబట్టి అలాంటి స్క్రిప్టు ఉండే ఫోల్డర్, దాని పైది, ఆ పైది, పైనున్న / దాకా అన్నీ రూట్ చేతిలోనే ఉండాలి. స్క్రిప్టు లోపల పిలిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ, చదివే ప్రతి కాన్ఫిగ్ ఫైల్‌కూ ఇదే లెక్క. పైగా బ్యాష్ స్క్రిప్టును మొత్తం ఒకేసారి చదివేయదు. నడుపుతూ, ముందుకు పోతూ చదువుకుంటుంది. నడుస్తున్న స్క్రిప్టును మధ్యలో మార్చగలిగితే మిగతా సగం మారిపోతుంది.

ఆర్గ్యుమెంట్ల దగ్గర, అంటే కమాండ్ పేరు తర్వాత ఇచ్చే మాటల దగ్గర, పరిస్థితి ఇంకా సున్నితం. సుడోయర్స్‌లో కమాండ్ పేరు మాత్రం రాసి ఆర్గ్యుమెంట్లు రాయకపోతే, ఏ ఆర్గ్యుమెంటైనా ఇవ్వవచ్చని అర్థం. ఏదీ ఇవ్వకూడదు అనాలంటే పేరు పక్కన ఖాళీ కొటేషన్ గుర్తులు "" పెట్టాలి. సుడో ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలో కూడా చాలామంది ఇది గమనించరు. స్టార్ గుర్తు వాడితే ఇంకా మోసం. లాగ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను, ఫైల్‌ను తెరమీద చూపే క్యాట్ కమాండ్‌తో చూడనిద్దామని /వార్/లాగ్/* అని రాస్తే, ఆ స్టార్ స్పేస్‌లకూ, / గుర్తులకూ కూడా సరిపోతుంది. ఒక లాగ్ ఫైల్ పేరు రాసి, స్పేస్ ఇచ్చి /ఈటీసీ/షాడో అని చేరిస్తే అదీ చెల్లుతుంది. సుడో మాన్యువలే దీని గురించి హెచ్చరిస్తుంది.

ఆర్గ్యుమెంట్ స్క్రిప్టు లోపలికి వచ్చాక జరిగేది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. ఒక బ్యాష్ స్క్రిప్టు వర్కర్ నంబరు తీసుకుంటుందనుకుందాం. రాసినవాళ్లు బుద్ధిగా కొటేషన్ గుర్తులు పెట్టి, డబుల్ బ్రాకెట్లలో 'సమానమా' అని చూసే -ఈక్యూ వాడి ఆ నంబరును సున్నాతో పోల్చారు. తప్పేమీ కనిపించదు. కానీ -ఈక్యూకు రెండువైపులా ఉన్నదాన్ని బ్యాష్ లెక్కగా విప్పుతుంది. లెక్కలో వేరియబుల్ పేర్లు రావచ్చు, ఎర్రే ఇండెక్సులు రావచ్చు, ఇండెక్సులో కమాండ్ కూడా రావచ్చు. నంబరుకు బదులు ఎవరైనా ఏ[$(ఐడీ)] లాంటిది ఇస్తే, ఇండెక్స్ ఎంతో తేల్చడానికి బ్యాష్ ఆ ఐడీ కమాండ్‌ను నడిపేస్తుంది. పోలిక ఫలితం వచ్చేలోపే రూట్‌గా ఒక కమాండ్ నడిచిపోయింది. కొటేషన్ గుర్తులు ఇక్కడ కాపాడవు. వచ్చింది అంకెలేనా కాదా అని ముందు షెల్‌లోని కేస్ అనే పోలికతో అక్షరాలవారీగా సరిచూసి, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి. షెల్‌లో తనిఖీ లైనే దాడికి దారి కాగలదంటే, రూట్ పనికి షెల్ ఎంత ఇరుకైన భాషో అర్థమవుతుంది.

బయటి నుంచి ఆర్గ్యుమెంట్లే రాకపోయినా ఫైళ్ల పేర్లు వస్తాయి. వెబ్‌సైట్ అప్‌లోడ్ల ఫోల్డర్‌లోకి వెళ్లి, ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్ ప్రోగ్రామ్‌కు స్టార్ ఇచ్చి బ్యాకప్ తీసే రూట్ క్రాన్ జాబులు (నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచే పనులు) లెక్కలేనన్ని. స్టార్‌ను విప్పేది షెల్, టార్‌కు వెళ్లేవి ఉత్త పేర్లు. ఆ పేర్లలో ఒకటి రెండు గీతలతో మొదలై చెక్‌పాయింట్ ఆప్షన్‌లా ఉంటే, గ్నూ టార్ దాన్ని ఆప్షన్‌గానే తీసుకుంటుంది. మధ్యమధ్యలో ఒక కమాండ్ నడపమని చెప్పే ఆప్షన్ టార్‌కు నిజంగానే ఉంది. స్టార్ ముందు ./ చేరిస్తే ఈ దారి మూసుకుపోతుంది. /టీఎంపీలో ఊహించగలిగే పేరుతో ఫైల్ రాయడం కూడా ఇదే కోవలోది. అక్కడ ముందే సిమ్‌లింక్ పెట్టి ఉంటే రూట్ వెళ్లి వేరే ఫైల్ మీద రాసేది. 2012లో వచ్చిన లినక్స్ 3.6 నుంచి దీనికి కెర్నల్‌లోనే ఒక అడ్డుకట్ట ఉంది. అయినా ఊహించలేని పేరుతో ఫైల్ సృష్టించే ఎంకేటెంప్ వాడటమే పద్ధతి.

సుడో మీదే నమ్మకం సడలిన సందర్భాలూ ఉన్నాయి. 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ బయటపెట్టిన లోపంతో, సుడోయర్స్‌లో పేరు లేని యూజర్ కూడా రూట్ అయిపోగలిగాడు. అది 2011 నుంచి కోడ్‌లో ఉంది. మరుసటి ఏడాది జనవరిలో సుడో లాంటిదే అయిన పీకేఎగ్జెక్ వంతు వచ్చింది, అందులోని లోపం 2009 నాటిది. అందుకే ప్రత్యామ్నాయాలు వస్తున్నాయి. యూనిక్స్ కుటుంబానికే చెందిన ఓపెన్‌బీఎస్‌డీ 2015లో డూయాజ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను తెచ్చింది. లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ 2024లో రన్0 ఇచ్చింది. దానికి సెట్‌యుఐడీ బిట్టే లేదు, పనిని కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో మొదలుపెట్టమని సర్వీస్ మేనేజర్‌ను అడుగుతుంది. ఉబుంటు 25.10లో రస్ట్ భాషలో రాసిన సుడో మామూలు సుడో స్థానంలోకి వచ్చింది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే ఇవి బాగుచేసేది గుమ్మాన్ని. లోపలికి వెళ్లిన స్క్రిప్టు టార్‌కు స్టార్ ఇస్తే రస్ట్ ఏం చేస్తుంది?

అందుకే రూట్ అవసరమే లేకుండా పని అవుతుందేమో ముందు చూడాలి. ఉబుంటు, డెబియన్‌లలో లాగ్‌లు చదవడానికి చాలాసార్లు ఏడీఎం గ్రూపులో ఉంటే చాలు. 80 పోర్టు తెరవడానికి రూట్ మొత్తం అక్కర్లేదు, ఆ ఒక్క కేపబిలిటీ (రూట్ అధికారంలో ఒక ముక్క) ఇస్తే సరిపోతుంది. డిప్లాయ్ సంగతికొస్తే, సర్వీస్‌ను సిస్టమ్‌డీ యూజర్ సర్వీస్‌గా మార్చితే రీస్టార్ట్‌కు రూట్ ప్రమేయమే ఉండదు. అది కుదరని చోట సిస్టమ్‌డీ పాత్ యూనిట్ చక్కగా పనికొస్తుంది. డిప్లాయ్ తన ఫోల్డర్‌లో ఒక ఫైల్‌లో ఏదో ఒకటి రాస్తుంది, ఆ ఫైల్ మారగానే సిస్టమ్‌డీ రూట్ సర్వీస్‌ను మొదలుపెడుతుంది. అటు నుంచి ఇటు దాటేది మొదలుపెట్టమన్న సంకేతం ఒక్కటే. ఆర్గ్యుమెంట్లు దాటవు, ఎన్విరాన్‌మెంట్ దాటదు, పాత్ దాటదు.

ఇంత చేసి కూడా చాలా టీములు చివర్లో ఒకచోట జారుతుంటాయి. రూట్ సర్వీస్ మొదలయ్యాక మొదటి పనిగా డిప్లాయ్ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడున్న మేక్‌ఫైల్‌ను (ఏయే కమాండ్లు నడపాలో రాసి ఉండే ఫైల్) నడుపుతుంది, లేదా అక్కడి కాన్ఫిగ్ ఫైల్‌ను సోర్స్ చేసుకుంటుంది. మేక్‌ఫైల్ రాసేది డిప్లాయ్, నడిపేది రూట్. సోర్స్ చేయడమంటే చదవడం కాదు, అందులోని లైన్లన్నీ నడపడం. ఆ భాగాన్ని రూట్ సర్వీస్‌లోంచి తీసి డిప్లాయ్ పేరు మీదే నడపాలి. కాన్ఫిగ్‌లోని విలువలు తప్పదనుకుంటే ఒక్కో లైనునూ అక్షరాలుగా చదివి, అంకెలో పేర్లో సరిచూసి తీసుకోవాలి. రూట్ సర్వీస్‌కు చివరకు మిగలాల్సింది సర్వీస్‌ను రీస్టార్ట్ చేసే ఆ ఒక్క కమాండే. అప్పుడు దానికి స్క్రిప్టు కూడా అక్కర్లేదు, సర్వీస్ వివరాలుండే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో ఒక లైను రాస్తే చాలు.